ఉంగరం పురుగు

స్టూడియో అక్క ఇంట్లో ఫ్రిజ్ తెరిచి నీళ్ళ సీసా తీసినవాళ్ళు, తాగే ముందు దాన్ని ఒకసారి వెలుతురుకు ఎత్తి చూసుకోవాలి. అడుగున పచ్చటి నాచు కనిపిస్తే అది రైలు గేటు పక్కనున్న గుంటలో నీళ్ళు. అలాంటి సీసాలకు ఎర్ర రబ్బరు బ్యాండు వేస్తానని ఆమె ఎన్నోసార్లు మాటిచ్చింది. ఎన్నోసార్లు మరిచిపోయింది. ఒకరోజు అత్తగారు గ్లాసులోకి ఒంపుకుని నోటిదాకా తెచ్చాక, అందులో నలక లాంటిదేదో ఎగిరి గెంతడం చూసి కెవ్వున అరిచారు.

"ఈ ఇంట్లో మనుషులు కూడా ఉంటున్నారని గుర్తుందా అమ్మాయ్?"

"అవి నీటి ఈగలు అత్తయ్యా. ఏమీ చెయ్యవు."

"అవేమీ చెయ్యవు. చేసేదంతా నువ్వే."

వీధిలో అందరికీ ఆమె స్టూడియో అక్కే. ఇంటి ముందుగదే స్టూడియో. ఒక నీలం తెర, ఒక తెల్ల తెర, ఎత్తు సరిచేసుకునే గుండ్రటి స్టూలు, గొడుగులు తొడిగిన దీపాలు. పాస్‌పోర్టు ఫోటోలు, దరఖాస్తులకు అతికించే ఫోటోలు తియ్యడం, చెదలు తిన్న పాత ఫోటోలను బాగుచేసి పెద్దవి చెయ్యడం ఆమె పని. "గడ్డం కొంచెం దించండి" అని రోజంతా అనీ అనీ, ఒకసారి భోజనం దగ్గర భర్తతో కూడా అనేసింది. బస్సు డ్రైవరైన ఆ మానవుడు మారు మాట్లాడకుండా గడ్డం దించి, అలాగే ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఫోన్లలోనే ఫోటోలు తీసుకోవడం మొదలయ్యాక స్టూడియోకి వచ్చేవాళ్ళు పలచబడ్డారు. ఆ రోజుల్లోనే పక్క వీధిలో ఒక బడి మూతపడి, అక్కడి సామాన్లు బయటపడేస్తుంటే వాటిలో ఒక మైక్రోస్కోపు ఆమె కంటబడింది. పాతకాలపుది, ఒంటి గొట్టంది. ఒక కన్ను మూసి, రెండో కంటితో చూడాలి. కటకాలు తుడిచి, మరలకు నూనె వేసి, సరదాకి ఒక గుంటనీటి చుక్కను గాజుపలక మీద వేసి చూసింది. ఆ సాయంత్రం స్టూడియో షట్టరు దించడమే మరిచిపోయింది.

ఆ చుక్కలో ఒక ఊరు ఊరంతా ఉంది. పచ్చటి బంతి ఒకటి కడుపులో పిల్లబంతుల్ని మోసుకుంటూ తాపీగా దొర్లుతోంది. స్ప్రింగు కాడల మీద గంటల్లాంటివి గుంపుగా నిలబడి, ఏదైనా తగిలితే చటుక్కున ముడుచుకుంటున్నాయి. ఒకటి పెళ్ళి ఊరేగింపులో బూరలా నోరు తెరుచుకుని ఉంది. తల మీద రెండు చక్రాలు గిరగిరా తిప్పుతూ తిండి లోపలికి లాక్కునేది మరొకటి. పుస్తకాల్లో వాటికున్న పేర్లు ఆమెకు నోరు తిరిగేవి కావు. అందుకే బంతి, గంటమ్మలు, బూర, పిండిమర అని పేర్లు పెట్టుకుంది.

చూడటంతో ఆగితే ఆమె ఫోటోగ్రాఫరెందుకవుతుంది? లేతు షాపులో కెమెరాకి అల్యూమినియం తొడుగు చేయించుకుని, మైక్రోస్కోపు గొట్టం మీద అది బిగించేది. ముందు కంటితో వెతికి పట్టుకోవాలి, ఫోకస్ సరిచూసుకోవాలి, ఆ తర్వాత కెమెరా బిగించి తియ్యాలి. ఈలోగా అవి ఒకచోట ఉంటేగా! ఫోటోకి వచ్చిన చంటిపిల్లలే నయం అనిపించేది. చుక్కలో దూది పోగులు విడదీసి వేస్తే, కంచెలో పడ్డ దూడల్లా కాసేపు అక్కడక్కడే తిరుగుతాయని తనే కనిపెట్టింది. కింది దీపానికి అడ్డంగా గుండీ అంత నల్లకాగితం పెడితే వెనకంతా చీకటై, అవి మాత్రం వెండిలా మెరుస్తాయని కూడా తెలుసుకుంది.

ఆ ఫోటోలు పాస్‌పోర్టు ఫోటోల పక్కన గోడ మీదకు ఎక్కాయి. ఒకరోజు కాలేజీలో జీవశాస్త్రం చెప్పే లెక్చరర్ గారు ఫోటో దిగడానికి వచ్చి, తెర ముందు కూర్చోకుండా గోడ ముందే నిలబడిపోయారు.

"ఇవి ఎవరు తీశారక్కా?"

"నేనే సార్. మన రైలు గేటు గుంటలోవే."

"రోజూ ఆ గుంట పక్కనుంచే వెళ్తాను. ముక్కు మూసుకుని వెళ్తాను" అన్నారాయన. ఆ వారమే మళ్ళీ వచ్చి, కాలేజీ హాల్లో ఈ బొమ్మలన్నీ పెద్దవి చేసి పెడదామని, ఊళ్ళో ఎవరైనా వచ్చి చూసేలా చేద్దామని అన్నారు. అక్క కాళ్ళు నేల మీద ఆనలేదు. "నా ఫోటోలు, హాల్లో!" అని భర్తతో చెప్పింది. "మన సీసాలు ఎప్పుడు ఖాళీ అవుతాయో అది కూడా ఆయన్నే అడుగు" అన్నారు లోపల్నుంచి అత్తగారు.

హాలు కోసం కొత్త ఫోటోలు తీస్తున్న రోజుల్లో ఆ పురుగు కనిపించింది.

ఉల్లిపొర కంటే పలచగా, దాదాపు గాజులా ఉంది. ఒక చివర చక్కటి ఉంగరం, దాని వెనక వంకర తిరిగిన తోక, తోక పొడుగునా చిన్న చిన్న ముడులు. అలాంటిదాన్ని ఆమె ఇంతకుముందు ఎన్నడూ చూడలేదు. దాని వైపు చూపు తిప్పగానే, మర్యాదగా పక్కకు జరిగింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ జరిగింది. చూపు నిలిపితే అదీ నిదానంగా కిందికి దిగి నిలబడింది. ఆమె గబగబా కెమెరా బిగించి వరసపెట్టి ఫోటోలు తీసింది. కంప్యూటర్లో వేసి చూస్తే గంటమ్మలు ఉన్నారు, నాచు పోగులు ఉన్నాయి. ఉంగరం జాడ లేదు.

"పారిపోయింది" అనుకుంది.

మర్నాడు ఇంకో చుక్కలో అదే కనిపించింది. ఫోటోలో మళ్ళీ లేదు. తెల్లటి వెలుతురులో బాగా కనిపించేది, నల్లకాగితం పెడితే మాయమయ్యేది. కెమెరా పెట్టేలోపు తప్పుకుంటోందంటే అది మహా చురుకైన జీవి అయి ఉండాలి. ఆ ఉత్సాహంలో లెక్చరర్ గారికి ఫోన్ చేసింది. ఆయన క్లాసు కాగానే పరుగున వచ్చారు.

"ఇదిగో సార్, ఇప్పుడే మధ్యలో ఉంది. తొందరగా చూడండి."

ఆయన కళ్ళజోడు తీసి చూశారు. పెట్టుకుని చూశారు. కుడికంటితో, ఎడమకంటితో చూశారు. "గంటలు భలేగా ఉన్నాయక్కా" అన్నారు చివరికి, మనసు నొప్పించకూడదని.

"ఉంగరం?"

"అది... వెళ్ళిపోయినట్టుంది."

ఆయన లేవగానే ఆమె వంగి చూసింది. ఉంగరం సరిగ్గా మధ్యలో, ఎక్కడికీ పోనట్టే ఉంది. ఆయన ఏమీ అనకపోవడమే ఆమెకు తలకొట్టేసినట్టయింది.

పట్టుదల పెరిగింది. గాజుపలకలు సబ్బుతో కడిగి, కుళాయి నీళ్ళతో జాడించి, చివరికి పలక శుభ్రంగా ఉందో లేదో చూద్దామని ఉత్త కుళాయి నీటి చుక్కే వేసి చూసింది. ఉంగరం హాజరు. గుంటలో పురుగు కుళాయిలోకి వచ్చేసిందంటే ఊరంతా దాన్నే తాగుతోందన్నమాట! పరుగున వంటింట్లోకి వెళ్ళి, అత్తగారి చేతిలోని గ్లాసు లాక్కుంది.

"తాగొద్దు అత్తయ్యా! కుళాయిలో పురుగు ఉంది."

"నీ పుణ్యమా అని ఫ్రిజ్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి. కుళాయికి ఇప్పుడొచ్చాయా?"

నీళ్ళు కళపెళా మరిగించింది. మరిగిన నీటి చుక్క వేసి చూసింది. ఉంగరం చెక్కుచెదరలేదు. మరుగునీళ్ళలో కూడా చావని ప్రాణమా అని ఆమె నోరు వెళ్ళబెట్టింది. అప్పుడు గానీ, ఆ చూసేది నీళ్ళలోనేనా అన్న అనుమానం మొలకెత్తలేదు. పలక తుడిచేసి, పొడి గాజును చూసింది. ఉంది. పలకే తీసేసింది. ఉంది. పై కటకం మీద మరకేమోనని దాన్ని గొట్టంలోనే గుండ్రంగా తిప్పింది. కటకం మీద మరకైతే దాంతోపాటు తిరగాలి. ఉంగరం తిరగలేదు. తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. మెల్లగా తలెత్తి, స్టూడియోలో తెల్ల తెర వైపు చూసింది.

తెర మీద ఉంగరం తోక ఊపుకుంటూ ఈదుతోంది.

ఎడమకన్ను మూసింది. ఉంది. కుడికన్ను మూసింది. లేదు.

స్టూలు మీద కూలబడి ఆమె నవ్విన నవ్వుకు, ఫోటోకి వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఒకాయన తన చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు. ఇన్నాళ్ళూ వెతికిన పురుగు తన కంట్లోనే ఉంది! కెమెరాకి అలాంటి కన్ను లేదు, కాబట్టి దానికి కనబడలేదు. కనబడలేదని కెమెరాని తిట్టింది, లెక్చరర్ గారిని మనసులో అనుమానించింది, ఊరి కుళాయిల మీద నింద వేసింది. తల్చుకున్నకొద్దీ నవ్వు ఆగలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కథంతా అభినయించి చెప్పింది. ఆరోజు భర్తకి సెలవు. ఆయన పొలమారేదాకా నవ్వాడు.

"అయితే ఆ పురుగుకి నీ పేరు కాదు, నీ కన్ను పేరు పెట్టాలి."

"నయం, హాల్లో అందరికీ చెప్పాక తెలియలేదు" అంటూ అక్క కళ్ళు తుడుచుకుంది.

అత్తగారు మాత్రం నవ్వలేదు. కంచంలో చెయ్యి ఆపి కోడలి మొహంలోకి చూశారు.

"మెరుపులేమైనా వస్తున్నాయా?"

"మెరుపులా?"

"కంటి పక్కగా. ఎవరో టార్చి వేసి తీసినట్టు."

అక్క నవ్వు సగంలో నిలిచిపోయింది. వస్తున్నాయి. కొద్దిరోజులుగా కుడిపక్క ఒక వెలుగు గీత చటుక్కున మెరిసి పోతోంది. స్టూడియోలో ఫ్లాష్ దీపాలతో పనిచేసే మనిషి కదా, వాటి తాలూకు మెరుపే కంట్లో మిగిలిపోయిందనుకుంది. కానీ నిన్న పడుకోబోయే ముందు, దీపం ఆర్పిన గదిలో కూడా వచ్చింది.

"వస్తున్నాయి అత్తయ్యా. ఎందుకు?"

అత్తగారు కంచం ముందునుంచి లేచిపోయారు. "ఒరేయ్, లే. చెయ్యి కడుక్కో. ఆటో పిలువు."

"ఇప్పుడెక్కడికమ్మా? అన్నం..."

"అన్నం ఎక్కడికీ పోదు. కంటాసుపత్రికి పద."

ఆటోలో అత్తగారు చెప్పుకొచ్చారు. ఆవిడకి ఒక తమ్ముడుండేవాడు. దుకాణాలకు బోర్డులు రాసేవాడు. అక్షరం గీస్తే కొలత పెట్టినట్టు ఉండేది. ఒక ఏడాది, కళ్ళ ముందు దోమలు తిరుగుతున్నాయన్నాడు. దోమలు ఎవరింట్లో లేవు? తర్వాత మెరుపులన్నాడు. ఎండలో నిచ్చెనెక్కి పనిచేస్తున్నాడు కదా, తల తిరుగుతోందేమో అనుకున్నారు. ఒకరోజు కంటికి ఒక పక్కనుంచి ఎవరో నల్లతెర లాగినట్టయింది. ఆసుపత్రికి వెళ్ళేసరికి, ముందే వచ్చి ఉంటే బాగుండేదన్నారు. తొందరపడాల్సిన విషయమని ఆ రోజుల్లో వాళ్ళలో ఎవరికీ తెలియదు.

"ఆ తర్వాత ఒంటికంటితోనే రాశాడు. అక్షరాలు బాగానే వచ్చేవి. బ్రష్షు డబ్బాలో ముంచబోతే డబ్బా పక్కన ముంచేవాడు" అన్నారు అత్తగారు. అని, కోడలి చెయ్యి పట్టుకున్నారు. ఆటో ఆగేదాకా వదల్లేదు.

చూపే ఆమె బతుకు. తన కుడికంటితో కెమెరాలోంచి ఎన్ని మొహాలు చూసి ఉంటుందో. భర్త ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాడు. ఆసుపత్రి మెట్ల దగ్గర దిగినప్పుడు గానీ, అత్తగారు కొడుకు చెప్పులు వేసుకొచ్చారని, అవి కాళ్ళకి పడవల్లా ఉన్నాయని ఎవరూ గమనించలేదు.

కౌంటరు దగ్గరి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "డాక్టరుగారు బయల్దేరుతున్నారండీ. రేపు పొద్దున్నే మొదటి నంబరు ఇస్తాను."

"కన్ను రేపటిదాకా ఆగుతుందని నువ్వు చెప్తావా తల్లీ?" అన్నారు అత్తగారు. "మెరుపులు వస్తున్నాయి. కొత్తగా మచ్చ తేలుతోంది. ఈ రెండు ముక్కలూ లోపల చెప్పు. అప్పుడు కూడా రేపు రమ్మంటే వెళ్ళిపోతాం."

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళింది. వెంటనే తిరిగొచ్చి, కంట్లో చుక్కలు వెయ్యడానికి అక్కని కూర్చోబెట్టింది.

చుక్కలు పనిచేసేకొద్దీ గది వెలుతురుతో ఉబ్బిపోయింది. కిటికీ, కుర్చీలు, గోడ మీది గడియారం, అన్నీ అంచులు కరిగినట్టున్నాయి. ఆ తెల్లదనంలో ఉంగరం ఇంకా స్పష్టంగా ఈదుతోంది. మొదటిరోజు దాన్ని చూసి ఎంత మురిసిపోయింది! ఇప్పుడు దానివైపు చూడాలంటేనే భయమేస్తోంది.

డాక్టరమ్మ వయసులో చిన్నది. తలకి దీపం కట్టుకుని, చేతిలో మందపాటి కటకం పట్టుకుని అక్క కంటి మీదకి వంగింది. "పైకి చూడండి. కుడిపక్కకి. ఇంకా చివరికి. అలాగే ఉండండి." ఒకచోట చూసినదాన్నే మళ్ళీ చూసింది. ఆ కాసేపట్లో అక్క తన స్టూడియో షట్టరు మీద తాళం వేసేసింది, కెమెరాలు ఎవరికో ఇచ్చేసింది, భర్త చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడం కూడా మొదలుపెట్టింది.

"అమ్మా, కంట్లో వెనకవైపు ఒక పలచటి పొర ఉంటుంది. బొమ్మ పడేది దానిమీదే."

"ఫిల్ములాగా."

"సరిగ్గా అంతే. మీ ఫిల్ము ఒక అంచున కొంచెం చిరిగింది." వెంటనే డాక్టరమ్మ చెయ్యెత్తింది. "వినండి. చిరిగింది, ఊడిపోలేదు. సమయానికి వచ్చారు. ఇప్పుడే లేజరుతో ఆ చిరుగు చుట్టూ అతుకు వేసేస్తాను. చిరుగులోంచి నీరు చేరితేనే పొర ఊడుతుంది. ఆ దారి మూసేద్దాం."

"చూపు?"

"ఇప్పుడు మీకు చూపుకేమీ కాలేదు. కాకుండా చూడటానికే ఇదంతా."

పక్కన నిలబడ్డ అత్తగారు కుర్చీ కోసం తడుముకుని, దొరగ్గానే కూర్చుండిపోయారు.

ఎప్పుడు గమనించారని డాక్టరమ్మ అడిగితే, అక్క సిగ్గుపడుతూనే గుంట దగ్గరనుంచి మరుగునీళ్ళదాకా చెప్పింది. డాక్టరమ్మ తలదీపం తీసి పక్కన పెట్టి మరీ నవ్వింది. వయసు పెరిగేకొద్దీ కంట్లో ఉండే జిగురు కుంచించుకుపోయి వెనకపొర నుంచి విడిపోతుందని, విడిపోయేటప్పుడు చాలామందికి ఉంగరం లాంటి ముక్క మిగిలి తేలుతుందని చెప్పింది. ఉత్త ఉంగరంతో ప్రమాదం లేదు. విడిపోతూ విడిపోతూ అది పొరని లాగి చింపితేనే ప్రమాదం. ఆ లాగుడికి వచ్చేవే మెరుపులు.

"మైక్రోస్కోపులోంచి వెలుతురు సన్నటి ధారలా కంట్లో పడుతుంది. అందుకే మీ కంట్లోవాటి నీడలే మీకు అంత బాగా కనిపించాయి. మెరుపులు మాత్రం ఇంకెవరికైనా వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దని చెప్పండి."

"ఈ పురుగు పోతుందా డాక్టరమ్మా?"

"పోదు. మీరే దాన్ని పట్టించుకోవడం మానేస్తారు."

లేజరు కొట్టినప్పుడల్లా పచ్చటి వెలుగు కన్నంతా నిండింది. లోపలెక్కడో సూది గుచ్చినట్టు సలిపింది. అక్క కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. అయ్యాక డాక్టరమ్మ, అతుకు గట్టిపడటానికి కొన్నాళ్ళు పడుతుందని, అప్పటిదాకా బరువులెత్తొద్దని, తల వంచి చేసే పనులు వద్దని, తెరలాంటిది ఏమైనా కనిపిస్తే పరుగున రమ్మని చెప్పి పంపింది.

ఆ రోజులు గడవడమే కష్టమైంది. అక్క పొద్దున లేవగానే ఎడమకన్ను మూసి, గది నాలుగు మూలలూ లెక్క చూసుకునేది. తలుపు, కిటికీ, బీరువా, కొక్కేనికి వేలాడే సంచి. అన్నీ ఉన్నాయనుకున్నాకే మంచం దిగేది. లెక్చరర్ గారికి ఫోన్ చేసి, కొత్త పురుగు సంగతి బయటపెట్టింది. ఆయన గొంతు తగ్గించి తన సంగతీ చెప్పారు.

"అక్కా, మీకు కనిపిస్తోంది, నాకు కనబడలేదు. నా చూపు మీదే అనుమానం వచ్చి, మర్నాడే వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. కళ్ళజోడు నంబరు మారింది."

చాలా రోజుల తర్వాత అక్క మనసారా నవ్వింది. ప్రదర్శన కొన్నాళ్ళు ఆగినా ఫరవాలేదని, ముందు కన్ను చూసుకోమని ఆయన అన్నారు. కానీ హాలు కోసం అనుకున్న బొమ్మల్లో బూర ఇంకా మిగిలిపోయింది. మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి ఉంది. దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా అక్క ఒక నిట్టూర్పు వదిలేది. నాలుగోసారో అయిదోసారో అత్తగారి ఓపిక నశించింది.

"ఆ నిట్టూర్పులు వినలేకపోతున్నాను. వంగకూడనిది నువ్వు. నా కళ్ళకేం, శుక్లాల ఆపరేషన్‌లో కొత్త కటకాలు వేయించుకున్నాను. జరుగు."

అత్తగారు ఒక కన్ను మూసి, గొట్టానికి రెండో కన్ను ఆనించారు. చెయ్యి మర మీద పెట్టి తిప్పమని అక్క చెప్పింది. కాసేపు "ఏమీ లేదు, అంతా పొగ" అన్నారు. తర్వాత మాట ఆగిపోయింది.

"అత్తయ్యా? ఏం కనిపిస్తోంది?"

"ష్."

"చెప్పండి!"

"ఒకటి నోరంతా తెరుచుకుని నిలబడింది. నోటి చుట్టూ మీసాలు. గిరగిరా తిప్పుతోంది. అమ్మో, దగ్గరికొచ్చినదాన్నల్లా మింగేస్తోంది. మీ మావయ్యగారిలా ఉంది, పాపం పోయినాయన."

"అదే! అదే బూర! కదపకండి, అక్కడే ఉంచండి!"

"నేనెక్కడ ఉంచను? అదేమన్నా నా మాట వింటుందా? అదిగో, ముడుచుకుపోయింది. నీ అరుపులకే. కాస్త మెల్లగా మాట్లాడు." అలా తిట్టుకుంటూ, బతిమాలుకుంటూ, చివరికి దాన్ని చూపు మధ్యలోకి తెచ్చుకున్నారు. భర్త కెమెరా బిగించాడు. అక్క తల వంచకుండా నిటారుగా నిలబడి, చెయ్యి చాచి బటన్ నొక్కింది. ఫోటోలో బూర నోరు పూర్తిగా తెరుచుకుని, అంచున ఒక్కొక్క మీసం విడివిడిగా మెరుస్తూ వచ్చింది. అక్క తీసినవాటిలో కూడా అంత మంచిది లేదు.

"నా పేరు కూడా వేస్తారా?" అన్నారు అత్తగారు, అడగనట్టే అడుగుతూ.

మళ్ళీ చూపించుకోవాల్సిన రోజు ముగ్గురూ వెళ్ళారు. మళ్ళీ చుక్కలు, మళ్ళీ తలదీపం, "పైకి, కుడిపక్కకి, ఇంకా చివరికి." డాక్టరమ్మ ఈసారి చూసినచోటు మళ్ళీ చూడలేదు. వెనక్కి జరిగి దీపం ఆర్పింది.

"అతుకు గట్టిగా పడింది. వేరే చిరుగులేవీ లేవు. వెళ్ళి మీ గుంటలో నీళ్ళు తెచ్చుకోండి."

"ఇక భయం లేదా?"

"మెరుపులు మళ్ళీ ఎక్కువైతే రండి. లేకపోతే ఏడాదికోసారి వచ్చి నన్ను పలకరించండి చాలు."

అక్కకు ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ భయంతో రానిది, ఇప్పుడు భయం పోయాక వచ్చింది. ఏడిస్తే కంటికేమైనా అవుతుందా అని ఏడుస్తూనే అడిగింది. "ఏమీ కాదు, కావలసినంత ఏడవండి" అంది డాక్టరమ్మ. భర్త జేబురుమాలు తీసి ఆమెకివ్వబోయి, ముందు తన ముక్కు తుడుచుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటో వద్దన్నారు అత్తగారు. ఇక తొందరేముంది? బస్సెక్కారు. భర్త తను నడపని బస్సులో కూర్చోవడమే తక్కువ. మలుపొచ్చినప్పుడల్లా లేని బ్రేకుని కాలితో తొక్కుతూ, "గేరు మార్చాలి. ఇప్పుడు మార్చాలి. మార్చడే!" అని గొణుగుతున్నాడు.

"నువ్వు గమ్మున కూర్చోరా. బస్సు అతనిది" అన్నారు అత్తగారు.

కిటికీ పక్కన అక్క ఎడమకంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి చూస్తోంది. చుక్కలు వేసిన కంటికి వెలుతురు ఎక్కువై, వీధంతా కడిగి ఆరేసినట్టు తెల్లగా మెరుస్తోంది.

"ఏం కనిపిస్తోందే?" అన్నారు అత్తగారు.

"అన్నీ అత్తయ్యా."

"అన్నీ అంటే? వరసగా చెప్పు."

అక్క చెప్పడం మొదలుపెట్టింది. మందుల దుకాణం. బోర్లించిన బకెట్లు. సైకిలు తోసుకుంటూ వెళ్తున్న ఒకాయన, చొక్కా రంగు మాత్రం తెలియడం లేదు. మేడ మీద దులుపుతున్న దుప్పటి. ఆ చివర ఒక కుక్క, ఈ చివర అత్తగారి చెవి పోగు. అత్తగారు మొదట్లో "ఊఁ, ఊఁ" అన్నారు. తర్వాత ఊఁ కొట్టడం మానేసి, కోడలి భుజం మీదికి తల వాల్చి నిద్రపోయారు. అక్క కదలకుండా కూర్చుని, గొంతు తగ్గించి, కనిపించినవన్నీ చెబుతూనే ఉంది.